అత్తమ్మ ఫొటో కోసం కొన్న కెమెరా

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా వదినెలు అలాంటి మాటలు మొదలుపెడితే, కరెంటు బిల్లు కంటే భయపెట్టేది ఇంకేముంటుందని ఆటపట్టించేదాన్ని. పైగా నేను చెప్పబోయే దాంట్లో చనిపోయినవాళ్లు కనిపించరు. మా అత్తమ్మ బతికే ఉంది. అందుకే చెప్పడానికి మరీ సిగ్గుగా ఉంది.

మాది కాజీపేట. ఇంటి ముందుగదిలోనే కిరాణా కొట్టు. మామయ్య పోయినప్పుడు దశదిన కర్మకు పెట్టడానికి ఒక్క మంచి ఫొటో దొరకలేదు. ఎవరిదో పెళ్లి ఫొటోలోంచి ఆయన్ని కత్తిరించారు. భుజం మీద వేరెవరిదో చెయ్యి ఉంటే, స్టూడియో అతను ఆ చెయ్యితో పాటు సగం భుజం కూడా తీసేశాడు. దండ వేసిన ఆ ఫొటో ముందు చుట్టాలు గుసగుసలాడుతుంటే మాకు తల కొట్టేసినట్టయింది.

అత్తమ్మకు అలా జరగకూడదని మా ఆయన పట్టుబట్టాడు. తుంటి ఎముక విరిగి ఆమె మంచం పట్టింది. మనిషి బాగా చిక్కిపోయింది. ఫోన్‌లో తీస్తే ముడతలన్నీ నున్నగా అయిపోయి అది ఆమె ముఖంలానే ఉండటం లేదు. స్టూడియో అతన్ని ఇంటికి పిలిస్తే సంగతి ఆమెకు తెలిసిపోతుంది. చిన్న డిజిటల్ కెమెరా ఒకటి కొందామనుకున్నాం. దేనికని ఆమె అడిగితే, మా అమ్మాయి కాలేజీ టూర్‌కని చెప్పాను.

ఒక మధ్యాహ్నం పక్కింటామెను అత్తమ్మ దగ్గర కూర్చోబెట్టి, హనుమకొండ చౌరస్తాలో పాత కెమెరాలు అమ్మే షాపుకు ఒక్కదాన్నే వెళ్లాను. షాపతను గాజు బల్ల మీద మూడు కెమెరాలు వరుసగా పెట్టాడు. నా వెనక ఉన్న కుర్చీ వైపు చూపించి, "అమ్మను తీసి చూడుండ్రి అక్కా, మనిషి మొకం మీదనే తెలుస్తది" అన్నాడు.

తిరిగి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. అతనూ తెల్లబోయాడు. ఎవరో పెద్దామె గోడ పట్టుకుని నాతో పాటే లోపలికి వచ్చి కూర్చుందట. ఎవరో వచ్చి వెళ్లి ఉంటారులే అనుకున్నాను. ఆ కుర్చీనే మూడింటితోనూ తీశాను. కుర్చీ తప్ప వాటిలో ఏమీ పడలేదు. నల్ల కెమెరాలో ఫొటో కొంచెం మసకగా వచ్చింది కానీ, షాపులో వెలుతురు తక్కువని సరిపెట్టుకున్నాను. చేతికి గట్టిగా ఉందని దాన్నే కొన్నాను.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ మేలుకునే ఉంది. ఇప్పటిదాకా నిద్రపోయిందని, మంచం దిగనే లేదని చెప్పి పక్కింటామె వెళ్లిపోయింది. కెమెరా ఇంకా నా సంచిలోనే ఉంది.

"నల్లది తెచ్చినవా బిడ్డా? దాంట్ల నా మొకం చీకటిగ పడ్డది. నడిమిది మంచిగుండె" అంది అత్తమ్మ.

మూడు కెమెరాలు చూసిన సంగతి అప్పటికి మా ఆయనకు కూడా చెప్పలేదు. నీకెలా తెలుసని అడిగాను.

"దండ ఏసే ఫొటోకే గదా. నన్నొక్క మాట అడుగుతరని చూసిన. అడగకపోతిరి. ఇగ నేనే వచ్చిన."

కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. బతికున్న మనిషికి దండ సిద్ధం చేస్తూ అబద్ధం చెప్పినందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

మా మాటలు మంచంలోంచే వినుంటుందని మా ఆయన అంటాడు. కెమెరా ఎందుకో అలా తెలిసిందనే అనుకుందాం. షాపులో నడుమ ఏది ఉందో, ఏ కెమెరాలో ఫొటో ఎలా వచ్చిందో మంచంలో ఉన్న మనిషికి ఎలా తెలుస్తుంది? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

మర్నాడే మా ఆయన వెళ్లి నల్లదాన్ని ఇచ్చేసి, నడుమ ఉన్నదాన్ని తెచ్చాడు. ఇంతవరకు దాంతో ఒక్క ఫొటో తీయలేదు. అత్తమ్మ మాత్రం రోజూ పొద్దున్నే తల దువ్వమని అడిగి, దిండుకు ఆనుకుని కూర్చుంటోంది. దువ్వేది నేనే. ఆమె ముఖంలోకి చూడలేక వెనక నిలబడి దువ్వుతున్నాను.