వండిన చేయి, చాచిన చేయి

మా తోడికోడలు రత్నకుమారి ప్రభువునందు నిద్రించిందని సంఘంలో ప్రకటించారు. ఆ మాట నా చేత రాయించవద్దు. నిద్రపోయిన మనిషిని లేపితే లేస్తుంది. రత్నం లేవలేదు. చల్లపల్లిలో చెల్లెలింటికి వెళ్ళి, మధ్యాహ్నం భోజనం చేసి, కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందని ఫోనొచ్చింది. సాయంత్రానికి వస్తానంది కదా అని నేను చేపల పులుసుకు చింతపండు నానబెట్టి ఉన్నాను. ఆ గిన్నె పాచిపోయేదాకా గట్టు మీదే ఉంది. పారబోయాలని ఎవరికీ తోచలేదు.

గుణదలలోని మా ఇంటి వంటలు ఫోనులో చూసినవాళ్ళకు ఆమె ముఖం తెలుసు. నా ముఖం చాలామంది చూసి ఉండరు. అరచేయి మాత్రం చూసే ఉంటారు. ఆ చేయి సంగతి మా అత్తగారి దగ్గర మొదలైంది. వండిన మనిషి తన వంట తానే రుచి చూడకూడదని ఆవిడ శాసనం. "వండినోళ్ళ నాలుక వండినోళ్ళ దగ్గరే లంచం తింటదే" అనేది. అందుకని ఒక కోడలు వండితే రెండో కోడలు చేయి చాచాలి. గరిటెలోంచి చుక్క అరచేతిలో పడాలి. చేయి చాచిన మనిషి మాటే తీర్పు. అత్తగారు పోయినా ఆ శాసనం పోలేదు. నేను వండిన రోజు ఆమె, ఆమె వండిన రోజు నేను చేయి చాస్తూ ఒకే వంటింట్లో ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం.

రత్నం కూతురు ఎస్తేరు, తల్లి వంటల వీడియోలు తీయడం మొదలుపెట్టిన కొత్త. రత్నం రోట్లో గోంగూర పచ్చడి నూరి, నా చేతిలో పెట్టింది.

"కారం నెత్తికెక్కింది గానీ, ఉప్పేదే?" అన్నాను.

"పెద్దమ్మా! వీడియో తీస్తున్నా. బాగుందనొచ్చుగా!" అని ఎస్తేరు తల పట్టుకుంది. "ఆ ముక్క కోసేస్తాలే అమ్మా."

"కోశావంటే ఈ పచ్చడిబండతో నీ ఫోను నూరేస్తా" అంది రత్నం. "చాల్లేదు కాబట్టే చాల్లేదంది. జనాన్ని కూడా విననీ."

అందరూ చూస్తుండగా ఉప్పు వేసి మళ్ళీ నూరింది. తప్పు దిద్దుకోవడానికి సిగ్గుపడని నిర్మల హృదయం ఆమెది. అటువంటి మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

నా చేత అక్షరాలు దిద్దించింది కూడా రత్నమే. కంకిపాడు పొలాల్లో నాట్లు వేస్తూ పెరిగినదాన్ని, మనవలు పుట్టాక చదువుకు కూర్చున్నాను. వంటిల్లే బడి. డబ్బాల మీద కాగితాలు అంటించి పేర్లు రాసింది. కొద్దిరోజులకే అన్నీ గడగడా చెప్పేశాను. ఆమెకు అనుమానం వచ్చి, నాకు చెప్పకుండా కాగితాలు అటూ ఇటూ మార్చి అంటించింది. "ఇప్పుడు చదువక్కా" అంది. నేను పాత వరసే అప్పజెప్పాను. "నువ్వు చదవట్లేదక్కా, డబ్బాల్ని గుర్తుపడుతున్నావు!" అని పడీపడీ నవ్వింది. అప్పటినుంచి ఆ కాగితాలకు నిలకడ లేదు. ఒకసారి వీడియో తీస్తుండగా తానే మరిచిపోయి, 'ఉప్పు' అని రాసి ఉన్న డబ్బాలోది తీసి చేపల పులుసులో వేసింది. నా అరచేతిలో చుక్క పడింది.

"రత్నం, ఇది పులుసా, పాయసమా?"

"ఏందక్కా?"

"పంచదార పోశావే, పంతులమ్మా!"

కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం. ఆ ముక్క కూడా కోయనివ్వలేదు రత్నం. ఇప్పుడా కాగితాలు కదలడం లేదు.

జ్ఞాపకార్థ కూడికకు చేపల పులుసు నేనే చేస్తానన్నాను. ఆమె మట్టి దాక, ఆమె గరిటె. పులుసు దించి, గరిటె ముంచి, అలవాటు కొద్దీ పక్కకు తిరిగాను. అక్కడ గోడ ఉంది. ఎస్తేరు చూసి, గబగబా వచ్చి చేయి చాచింది. నాలుక మీద వేసుకుని కళ్ళు తుడుచుకుంది.

"బాగుంది పెద్దమ్మా. చాలా బాగుంది."

"ఉప్పు?"

"అన్నీ సరిపోయినయ్ పెద్దమ్మా."

ఆ పిల్ల జాలితో చెప్పింది. రత్నం ఏనాడూ బాగుందనలేదు. బాగుంటే మాట్లాడకుండా రెండోసారి చేయి చాచేది. మా వంటింట్లో అంతకు మించిన బిరుదు లేదు. ఎస్తేరు రెండోసారి చాచలేదు. వచ్చినవాళ్ళు తిని మెచ్చుకున్నారు. నేను ముట్టుకోలేదు. ఆ పులుసు ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె ఎక్కడికి పోయింది, ఫోనులో ఉందిగా అంటున్నారు. చూశాను. పప్పుగుత్తి తిప్పుతుంది, నవ్వుతుంది, గరిటె ఎత్తి ఒక అరచేతి మీద వంచుతుంది. అది నా చేయే. ఫోను అద్దం కింద చేయి పెట్టి కూర్చున్నాను. ఏమీ పడలేదు. కాలమే ఈ గాయాన్ని మాన్పుతుందని పాస్టరుగారన్నారు. ఆయన మంచివారు. నా దగ్గర అంత కాలం లేదు.

రత్నం, నీ అమృతహస్తానికి, చేయి చాచే మనిషి లేని వంటింట్లోంచి నమస్కారం. నువ్వు దిద్దించిన అక్షరాలతోనే ఇది రాశాను. నేను ఏ నాలుగు ముక్కలు రాసినా ముందు నువ్వే చదివి, ఎక్కడ ఎక్కువైందో, ఎక్కడ చాల్లేదో చెప్పేదానివి. ఇప్పుడెవరిని అడిగినా బాగుందనే అంటారు. నాది నేను రుచి చూడకూడదు. అందుకని తిరిగి చదవకుండానే ఇచ్చేస్తున్నాను.