మంగళవారం అరిష్టం ఎవరికి?

మంగళవారం క్షౌరం చేయించుకుంటే అరిష్టమని, అందుకే మా కులంవాళ్లు ఆ రోజు కత్తి పట్టరని అందరూ చెబుతారు. బాగా చదువుకున్నవాళ్లు కూడా దానికి ఏవేవో గ్రహాలను అంటగడతారు. మా ఇంటి మటుకు అది శుద్ధ అబద్ధం. మా బాపు అరిష్టానికి భయపడలేదు, దాన్ని పనిలో పెట్టుకున్నాడు. ఈ రోజు మంగళవారం. జనగామలో నా బ్యూటీ పార్లర్ షట్టర్ దించే ఉంది. మహబూబాబాద్‌ది, భూపాలపల్లిది కూడా. వారమంతా క్రీముల ఘాటు కొట్టే నా చేతులు ఇవాళ ఇంట్లో నలిపిన చింతచిగురు వాసన వేస్తున్నాయి. ఆ వాసనకు ప్రాణం నిమ్మళించి, చిన్నప్పటి మంగళవారాల్లోకి జారిపోతుంది.

జఫర్‌గఢ్ పక్క పల్లెలో ఉన్నన్నాళ్లూ బాపుకు వారం లేదు, వర్జ్యం లేదు. పటేలు ఇంటి నుంచి పిలుపొస్తే నోట్లో ముద్ద నోట్లో ఉండగానే లేచేవాడు. పీట మీద కూర్చున్నవాళ్ల ముందు గొంతుక్కూర్చుని గడ్డాలు గీసేవాడు. కూలి ఏమంటే, పంట కల్లానికొచ్చాక వాళ్లకు బుద్ధి పుట్టినన్ని వడ్లు. నాకు ఊహ తెలిసేసరికి జనగామకు వచ్చి, పెంకుటింటి ముందు గదిలో సెలూన్ పెట్టాడు. తడి పటిక, సబ్బు నురగ, కత్తి నూరే తోలుపట్టీ కలిసిన వాసనలో, వానాకాలమైతే బల్ల మీద కూర్చున్నవాళ్లు ఒలుచుకు తినే కాల్చిన మక్కకంకుల వాసనలో, గడప పక్కన నేనూ చెల్లీ గచ్చకాయలు ఆడుకుంటూ పెరిగాం.

బాపు జనగామకు వచ్చినా పటేలు పిలుపులు ఆగలేదు. మంగళవారం షాపు మూయడం మొదలుపెట్టిన కొత్తలోనే ఊళ్లోంచి పటేలు జీతగాడు బస్సు దిగి వచ్చాడు.

"పటేలు రమ్మంటుండు, గడ్డం జెయ్యాలెనట."

"ఇయ్యాల మంగళారం. కత్తి పడితే పటేలుకే అరిష్టం," అన్నాడు బాపు, మంచం మీంచి లేవకుండానే.

"నిన్నమొన్నటిదాంక లేని అరిష్టం ఎక్కడికెల్లి వచ్చిందే?"

"నిన్నమొన్నటిదాంక నాకు తెల్వది. రేపు ఆయననే షాపుకు రమ్మను. మంచి కుర్సీ ఉన్నది."

అతను పోయాక అమ్మ విరుచుకుపడింది. ఊళ్లో మా నాయనమ్మ ఉంటున్న గుడిసె పటేలు జాగాలోది మరి. "అత్తను ఎల్లగొడితే ఏం జేస్తవయ్యా? నీ మంగళారం నెత్తిమీద కప్పుకుంటదా?" బాపు ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు పటేలు నిజంగానే వచ్చాడు. కుర్చీలో ఒక హమాలీ ముఖం నిండా నురగతో ఉన్నాడు. "జర కూసోండ్రి పటేలా, గీయన అయినంక మీరే," అన్నాడు బాపు. తోలుపట్టీ మీద కత్తి నూరుతూనే ఉన్నాడు. పటేలు బల్ల మీద కూర్చున్నాడు. తన వంతు వచ్చింది, గడ్డం అయింది. చెంప తడుముకుని, "మంగళారం సంగతి ముందే చెప్పద్దారా? ఇన్నేండ్ల సంది ఎంత అరిష్టం చుట్టుకున్నదో!" అన్నాడు. తలుపు చాటున అమ్మ వదిలిన ఊపిరి నాకు వినపడింది. గుడిసె దక్కింది, మంగళవారమూ దక్కింది. ఆ తర్వాత బాపు రెండో కుర్చీ వేసి, మనిషిని పెట్టుకుని, "అన్ని తలలు నేనే గొరిగితే నా తల ఎవడు నిలబెడతడు?" అనేవాడు.

డిగ్రీ చదివిన నాకు ఈ ముక్క తలకెక్కడానికి మూడు ఊళ్లలో మూడు పార్లర్లు కావాల్సి వచ్చింది. ప్రతి పెళ్లికూతురికీ మేడమే, అంటే నేనే, కావాలి. ఎక్కడో కాటారం నుంచి పిలిచినా బస్సెక్కేదాన్ని. కిందటేడు మహబూబాబాద్‌లో ఒకమ్మాయికి కనుబొమ్మలు తీస్తుంటే వేళ్లు బిగుసుకుపోయి దారం జారిపోయింది. ఆ వారమే మంగళవారాలు మూసెయ్యడానికి మూడు పార్లర్లకూ మూడు తాళాలు కొన్నాను. "గిరాకీ పక్క షాపుకు పోతది వదినా," అని మా ఆడబిడ్డ గోల. పోనీ అన్నాను. పోయినవాళ్లు కొందరు పోయారు, ఎక్కువమంది బుధవారం వచ్చారు. ఒక్కో పార్లర్ ఇప్పుడు ఒక్కో అమ్మాయి చేతిలో ఉంది, నాకంటే ఓపిగ్గా నడుపుతున్నారు. నా వేళ్లు నా మాట వింటున్నాయి, నాకు నిద్ర పడుతోంది.

బాపు లేడు. సెలూన్ ఉన్నచోట ఫోన్ల దుకాణం వెలిసింది. పటిక ముక్క చూపిస్తే మా పార్లర్ పిల్లలు కలకండా అని అడుగుతారు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఒక్కటి మింగుడుపడదు. ఆ మంగళవారాల్లో బాపు పడుకుంటే, అమ్మ పెరట్లో షాపు తువ్వాళ్లన్నీ సోడా వేసి ఉడకబెట్టి, బండకేసి ఉతికి ఆరేసేది. ఆ తెల్లటి వరసల సందుల్లో మేం దాగుడుమూతలు ఆడుకునేవాళ్లం. ఇప్పుడు నాతోనే ఉంటున్న అమ్మను, "నీకు సెలవు ఏ వారముండె?" అని అడిగితే, "నాకెక్కడి సెలవు బిడ్డా, నేనేమన్న షాపు నడిపిన్నా?" అని నవ్వేసింది.

పటేలునే నమ్మించేంత అరిష్టాన్ని పుట్టించగలిగిన మా బాపుకు, తువ్వాళ్లు ఉతకడానికి పనికిరాని వారం ఒక్కటీ ఎందుకు దొరకలేదు?