లైన్లో ఉన్న మనిషికి కబురు

ఆ ఉదయం ఏ ప్రత్యేకతా లేనిది. ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో మా ఇంటి ముందు చేపలమ్మే మనిషి సైకిలాపి ఒక కేక వేసి వెళ్ళాడు. కుళాయి వచ్చే వేళ కాబట్టి బకెట్లు వరుసగా పెట్టాను. ప్రార్థన ముగించి, బైబిలు మూసి, గుండె మాత్ర వేసుకుని, ఉప్మాకి ఉల్లిపాయ తరుగుతూ కూర్చున్నాను. రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగింది. చెల్లెలు కరుణ గడప మీద కూర్చుని ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఉంది. తనకి ముప్పై దాటాయి. ప్రైవేటు కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది, ఏ ఏటికా ఏడు కొత్తగా కాంట్రాక్టు రాసే ఉద్యోగం. అమ్మానాన్న పోయాక ఈ ఇంట్లో మేమిద్దరమే. "అక్కా, పీహెచ్‌డీకి పిలుస్తన్నారు. లడఖ్‌లో. ఫెలోషిప్ వాళ్ళే ఇస్తారంట" అంది. "అక్కడేటుంది సదవడానికి? అంతా మంచే కదా" అన్నాను. "మంచులోనూ మొక్కలుంటాయక్కా. అయి సచ్చిపోకుండా సూడాలి." మిగిలిన ఉల్లిపాయ తరిగేశాను. మా ప్రయాణం అక్కడ మొదలైంది.

ఇలాంటి అవకాశం కోసం చూసేవాళ్ళకి నాకు తెలిసినంత చెబుతాను. పీజీ చదివి, జాతీయ స్థాయి అర్హత పరీక్ష నెగ్గి ఉండాలి. ఆ తర్వాత పరిశోధన సంస్థవాళ్ళు పెట్టే రాతపరీక్ష, చివరికి కలకత్తాలో ఇంటర్వ్యూ. మా కరుణకి వయసు అడ్డు రాలేదు. నెలనెలా ఫెలోషిప్పు, దారి ఖర్చు, చలి బట్టలు అన్నీ సంస్థవే. వానలేని, గాలి పల్చనైన ఆ చలి ఎడారిలో చిన్న చిన్న మొక్కలు బతుకుతాయట. ఎండలున్న కొద్ది రోజుల్లో వాటి గింజలు సేకరించి భద్రపరచాలి, మంచు కిందికి వెళ్ళాక ఎలా నిలుస్తున్నాయో కనిపెట్టాలి. అందుకని రెండు చలికాలాలు అక్కడి కేంద్రంలోనే ఉండాలి. చలికాలమంతా మంచుతో దారి మూసుకుపోతుంది కాబట్టి, ఇంటర్వ్యూకి ఇంటివాళ్ళలో ఒకరు తప్పక రావాలన్నారు. నేను వెళ్ళింది అందుకే.

తెల్లవారుతుండగా స్టేషనుకి టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కాం. మనిషికి ఇరవై రూపాయలు. నడిపే అతను మా పేటవాడే, "దీదీ, ఇవాళ ఆదివారం కాదే, ఎక్కడికి, చర్చికా?" అని హిందీలో అడిగాడు. కలకత్తా అన్నాను. "ఠీక్ హై, అయితే లేడీస్ డబ్బా దగ్గర దింపుతా" అని మేం ఎక్కాల్సిన వైపుకి తీసుకెళ్ళి దింపాడు. హౌరాకి లోకల్ టికెట్టు ముప్పై లోపే, ప్రయాణం దాదాపు మూడు గంటలు. ఖరగ్‌పూర్‌లోనే ఎక్కితే కిటికీ దొరుకుతుంది. పాన్స్‌కుడాలో పూలమ్మే ఆడవాళ్ళు బంతిపూల మూటలతో ఎక్కారు. ఒకామె కరుణ గంజి చీర చూసి, "పెళ్ళిచూపులా?" అంది బెంగాలీలో.

"చూపులే. వరుడు మంచుకొండ" అంది కరుణ అదే భాషలో.

"అయితే పొద్దున్నే వేణ్ణీళ్ళు కాచి పెట్టాలి. ఆలోచించుకో, తల్లీ."

పెట్టె అంతా నవ్వింది. కోలాఘాట్ దాటి రూప్‌నారాయణ్ వంతెన ఎక్కేదాకా ఆ నవ్వు ఆగుతూ మొదలవుతూ ఉంది.

హౌరాలో దిగాక బస్సులు కిక్కిరిసి ఉంటే లాంచీలో నది దాటి అవతల బస్సు పట్టుకున్నాం. ఆఫీసు వేళల్లో అదే మేలు. సంస్థలో కరుణ లోపలికి వెళ్ళాక నేను బయట బెంచీ మీద కూర్చుని మనసులో కీర్తన చదువుకున్నాను. చాలాసేపటికి నన్నూ పిలిచారు. బల్లకి అటువైపు నెరిసిన జుట్టు శాస్త్రవేత్త ఒకావిడ, భుజాల మీద శాలువా. కుర్చీ చూపించి హిందీలో నెమ్మదిగా మాట్లాడింది.

"దీదీ, మీ చెల్లెలి చదువు గురించి నాకు అనుమానం లేదు. మిమ్మల్ని అడగాల్సింది వేరే. దారి మూశాక ఇంట్లో ఎవరికి ఏమైనా తను రాలేదు. అలాంటి కబురు వస్తే అప్పుడే చెప్పమంటారా, దారి తెరిచాక చెప్పమంటారా? ప్రతి ఇంటినీ అడుగుతాం."

"దారి తెరిచాకే చెప్పండి" అన్నాను. ఆలోచించలేదు.

ఆలోచించకపోవడానికి కారణం మా ఇల్లు. నాన్న రైలింజను డ్రైవరు. డ్రైవర్ల ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. బండి నడుపుతూ లైన్లో ఉన్న మనిషికి చెడ్డ కబురు చేరనివ్వరు, ఎందుకంటే వెనక బండినిండా జనం ఉంటారు. నానమ్మ పోయిన రోజు దారిలోని స్టేషనుకి కబురు పంపుతామంటే అమ్మ వద్దంది. నాన్న బండి తెచ్చి, డ్యూటీ దిగి, చేతులు కడుక్కున్నాక చెప్పింది. ముందే ఎందుకు చెప్పలేదని ఆయన అడగలేదు. అప్పటికి కరుణ పుట్టలేదు. ఇప్పుడు నా పక్క కుర్చీలో కూర్చుని నా వైపు చూసింది. శాస్త్రవేత్త తలూపి, సీటు కరుణదేననీ రేపటిలోగా ఒప్పుకోలు చెప్పమనీ అంది.

వీధి చివర హోటల్లో అన్నం, చేప పులుసు తిన్నాం. ఇద్దరికీ కలిపి రెండొందలు దాటలేదు. కరుణ సగం వదిలేసింది. తిరుగు లోకల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. పొద్దుటి బండే, పొద్దుటి ఊళ్ళే. తను కిటికీలోంచి చూస్తూ ఉంది. నేను కళ్ళు మూసుకున్నానుగానీ ప్రార్థన నిలవలేదు. ఆ గదిలో నేను తన గురించే అనుకున్నాను. గుండె మాత్రలు వేసుకునేది నేనని, ఆ కబురు నాదే కావచ్చని అప్పుడు తోచలేదు. అదే జరిగితే ఆ ఇంట్లో నేను లేకుండాపోయి నెలలు గడుస్తాయి. తన లెక్కలో నేను ఇంకా ఉల్లిపాయ తరుగుతూనే ఉంటాను.

సాయంత్రం తమ్ముడు ప్రసాదు భార్యతో వచ్చాడు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో పని తనకి. మా ఇంట్లో ఏ మాటైనా ప్రార్థన అయ్యాకే తేలాలి. చిన్నవాళ్ళు ముందు చెప్పాలి, పెద్దవాళ్ళు చివర. శాస్త్రవేత్త అడిగిందీ నేనన్నదీ వాళ్ళకి చెప్పి, ప్రార్థన అయ్యాక కరుణ మొదలుపెట్టింది.

"నాన్న ఎనకాల బండుండీది అక్కా. నా ఎనకాల ఏటుంది? నాలుగు మొక్కలు, ఒక థర్మామీటరు. నాను ఒక పూట ఆగిపోతే ఎవులూ పడిపోరు. ఇక్కడ మీరంతా ఏడుస్తా ఉంటే అక్కడ నాను టీ తాగి నవ్వుకుంటా కూకోవాలా? అందరూ ఏడిసేసినాక నానొక్కదాన్నే మొదలెట్టాలా?"

మరదలు నవ్వింది. "మీ అన్నయ్యకి జలుబు సేస్తే పేటంతా తెలవాలి. నీకు మాత్రం దాపరికం."

"సెప్తే ఏటి సేస్తావే? కొండ దిగి నడిసొస్తావా?" అన్నాడు ప్రసాదు.

"రాను. తెలుసుకుంటాను. అంతే."

"అయితే సెప్పాల్సిందే" అన్నాడు ప్రసాదు. ముగ్గురూ నా వైపు తిరిగారు.

"నన్నడిగితే అలవాటు కొద్దీ అనేసినాను. వెళ్ళీది తను. ఆరోజే సెప్పండి" అన్నాను. "ఫోను ఆఫీసు మనిషి సెయ్యకూడదు. తమ్ముడే సెయ్యాలి."

అదే ఖాయమైంది. కరుణ వెళ్తుంది. కబురు ఏదైనా, ఎవరిదైనా, ఆ రోజే ప్రసాదు గొంతుతో తనకి చేరాలి. తన ఇంటికి వచ్చెయ్యమని ప్రసాదు రెండుసార్లు అడిగాడు. నేను తాల్‌బగీచాలోనే ఉంటానన్నాను, దానికీ ఒప్పుకున్నారు. కరుణ అప్పటికప్పుడే ఆ శాస్త్రవేత్తకి ఫోను చేసి, వస్తానని చెప్పి, పొద్దుట నేనన్న జవాబు మార్పించింది.

కరుణ వెళ్ళాక ఇది మొదటి చలికాలం. వారానికొకసారి తను ఫోను చేస్తుంది, సగం గాలి హోరు. పొద్దున్నే కుళాయి దగ్గర ఒక బకెట్టు చాలుతోంది. ప్రార్థనలో చిన్నవాళ్ళు ముందు అన్న పద్ధతి మాత్రం మార్చలేదు. ముందు తన తరఫున అడుగుతాను, తర్వాత కొంచెం ఆగి నా తరఫున. ఇలాంటి ఇంటర్వ్యూకి తోడు వెళ్ళేవాళ్ళకి చెప్పగలిగింది ఒక్కటే. ఆ ప్రశ్న మిమ్మల్నీ అడగవచ్చు. జవాబు వెళ్ళేటప్పుడు బండిలోనే మాట్లాడుకోండి, వెళ్ళే మనిషిని ముందు చెప్పనివ్వండి.