పరాయి దీవిలో కట్టిన అంటు

నాకు ఇరవై మూడేళ్లున్న ఆ రోజుల్లో, నన్ను చూస్తే మొక్కలు జడుసుకునేవి. కడియంలో నర్సరీ వాళ్ల ఇంట పుట్టి, నేను కట్టిన అంటు ఒక్కటి కూడా వేరు పట్టలేదంటే ఎంత నామర్దానో మీరే ఊహించుకోండి. కొమ్మకు ఉంగరంలా బెరడు ఒలిచి, తడి పీచు చుట్టి, కవరుతో బిగించి కట్టడమే కదా పని! మా దగ్గర పనిచేసే ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ కట్టినవి నెల తిరిగేసరికి తెల్లటి వేళ్లు దించేవి. నావి నల్లగా మాడి కూర్చునేవి. "చిన్నబాబుగారికి హస్తవాసి లేదండి, పాపం" అని వాళ్లు జాలిపడేవారు (తిట్టినా బాగుండేది). చివరికి నాన్నగారు నన్ను మొక్కల్లోంచి తప్పించి ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెడదామని నిర్ణయించేశారు. మట్టి అంటని బతుకు తలుచుకుంటే నాకు నిజంగా ఏడుపొచ్చేది.

సరిగ్గా అప్పుడే మా బాబాయి కుండీ మొక్కల బేరానికి హాంకాంగ్ వెళ్తూ, ఇంగ్లీషు మాట్లాడ్డానికని నన్ను వెంటబెట్టుకున్నాడు. "వెళ్లిరా. వచ్చాక ఆఫీసులో కూర్చుందువుగాని" అన్నారు నాన్నగారు. అక్కడికెళ్లిన వాళ్లంతా తలెత్తి మేడలు చూస్తారు. నేను తల వంచుకుని చెట్ల కింద వెతుక్కుంటూ తిరిగాను. రోడ్ల పక్కన దేవకాంచనాలు, అరచేయంత ఊదారంగు పూలు! మన దేవకాంచనానికి చిక్కుడుకాయల్లా కాయలు వేలాడతాయి కదా, వీటికి ఒక్కటీ లేదు. ఎందుకు లేదు? మూడు రోజులు అదే ధ్యాస. మాకు మొక్కలమ్మే వర్తకుణ్ణి అడిగితే ఆయన నవ్వాడు. ఆ రకానికి గింజ కట్టదట. ఎప్పుడో ఎవరికో దొరికిన ఒకే ఒక్క చెట్టు నుంచి, కొమ్మలూ అంట్లూ కట్టుకుంటూ ఊరంతా పెంచారట. అంటే, ఇన్ని చెట్లూ ఎవరో ఒకరి చేతి మీదుగా బతికినవే! ఆ మాట విన్నప్పటి నుంచీ నా చేతులు ఊరుకుంటేనా?

ఆఖరి రోజు పని లేక, పడవెక్కి చెంగ్ చౌ అనే దీవికి వెళ్లాం. మా వైపు నరసాపురం రేవులో గోదారి దాటించే పంటు మీద మోటారుసైకిళ్లు కూడా ఎక్కుతాయి, ఇక్కడ మనుషులు మాత్రమే. దిగగానే గుప్పున ఎండుచేపల వాసన. "ఇంత దూరం విమానమెక్కి మళ్లీ నరసాపురమే వచ్చాం కదరా!" అన్నాడు బాబాయి, చేగోడీలు నములుతూ. దీవిలో కార్లు లేవు, ఇరుకు సందులు. ఒక సందు చివర, ఇంటి ముందు విరగబూసిన దేవకాంచనం. దాని కింద పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది ఒక మామ్మగారు. నేను కొమ్మ చూపించి దండం పెట్టాను. ఆవిడ నవ్వుతూ తలూపింది (పువ్వు కోసుకుంటాడనుకుంది, పాపం).

ఇంకేం! నెయిల్ కట్టర్‌కుండే బుల్లి చాకు తీసి బెరడు ఒలిచేశాను. మామ్మగారు కెవ్వున అరిచి చీపురు అందుకుంది. ఇరుగుపొరుగు పోగయ్యారు. "ఒరేయ్, పాస్‌పోర్టు లాగేసుకుంటారురా! ముందు కాళ్ల మీద పడు!" అని బాబాయి గోల. నేను పడలేదు. సగం ఒలిచిన కొమ్మను వదిలేస్తే అది చచ్చిపోదూ? వీపు మీద చీపురు దెబ్బలు తింటూనే, పక్కనే పడున్న కొబ్బరి పీచు కుళాయి కింద తడిపి చుట్టాను. బాబాయి చేతిలోని కవరు లాక్కుని (చేగోడీలు నేలపాలు), నా బూటు తాడుతో బిగించేశాను. అప్పుడు ఫోన్లో మా నర్సరీ ఫొటోలు చూపించాను. వరసల కొద్దీ అంట్లు, వేళ్లు, పిల్ల మొక్కలు. మామ్మగారు ఫోటోలు చూసింది, కొమ్మను చూసింది, చీపురు కింద పెట్టింది. లోపలికెళ్లి చెంబుడు నీళ్లు తెచ్చి దాని మీద పోసి, తన ఫోనులో నా నంబరు ఎక్కించుకుంది. ఒక బూటు టపటపలాడించుకుంటూ పడవెక్కాను. "నీ హస్తవాసి తెలిసీ ముసలావిడ కొమ్మ ఎండబెట్టావు కదరా" అని బాబాయి దారంతా సాధించాడు. నాకూ అదే దిగులు.

ఇంటికొచ్చి ఆఫీసు గదిలో కూర్చున్నాను. రెండు నెలలు దాటాక ఒక పొద్దున్న ఫోటో వచ్చింది. కవరు నిండా తెల్లటి వేళ్లు! పరిగెత్తుకెళ్లి ఫోను నాన్నగారికిచ్చాను. రెండు వేళ్లతో పెద్దది చేసి, కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "చెట్టు మంచిది" అన్నారు. రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే, "ఆ కంప్యూటర్ పని ఎవరికైనా అప్పజెప్పు. రేపట్నుంచి మొక్కల్లోకి రా" అన్నారు.

ఇప్పుడు నర్సరీ నేనే చూస్తున్నాను. నాకూ కళ్లజోడొచ్చింది, హస్తవాసి కూడా వచ్చిందంటారు. ఎవరింట మంచి చెట్టు కనబడినా, ఆగి, మర్యాదగా అడుగుతాను. వాళ్లు మర్యాదగా వద్దంటారు. నేనూ నవ్వి వచ్చేస్తాను. ఆనాడు దీవిలో ఉన్నది ఇప్పటి నేనే అయితే ఆ మొక్క పుట్టేదే కాదు.