జెనెట్ ఎయిరీ చెప్పిన జవాబు

జెనెట్ ఎయిరీకి చదువు చెప్పినవాళ్ళెవరూ లేరు. ఉన్ని మేజోళ్ళు అల్లుతూ, ఒళ్ళో బైబిలు తెరిచి పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకుంది. ఆ చదువే ఆమె నేరమైంది. పక్కింట్లో ఉండి చూసినదాన్ని. ఇరవై ఏళ్ళయినా నా కడుపులో మంట చల్లారలేదు.

రెండో చార్లెస్ రాజుగా ఉన్న రోజులవి. మా లోయలో మమ్మల్ని క్వేకర్లని, వణుకుడుగాళ్ళని వెక్కిరించేవాళ్ళు. మాలో మేం నేస్తాలమనుకుంటాం. పాదిరి లేకుండా, పాట లేకుండా ఒక కొట్టంలో మౌనంగా కూర్చుంటాం. లోపలి వెలుగు ఎవరిని కదిలిస్తే వాళ్ళు మాట్లాడతారు, ఆడవాళ్ళయినా సరే. ఊరి పాదిరి గార్నెట్‌కి అదే కంటగింపు. మా మీద ఒక పుస్తకం అచ్చు వేయించాడు. మేం క్రీస్తును కాదంటామట. మా ఆడవాళ్ళకి దయ్యం పట్టిందట. సంతలో మనిషిని నిలబెట్టి బిగ్గరగా చదివించాడు కూడా. మా కొట్టంలోకి ఒక్కసారైనా వచ్చిన పాపాన పోలేదు.

జెనెట్ ఆ పుస్తకాన్ని తెచ్చుకుని రెండుసార్లు చదివింది.

"నవ్వి ఊరుకోవే," అన్నాను.

"నన్నంటే ఊరుకుందును, మేబెల్. నా లోపలున్న వెలుగుని దయ్యమంటున్నాడు."

ఆ చలికాలమంతా రాసింది. పాదిరి అన్న ప్రతి మాటకీ బైబిల్లో వాక్యం చూపించి జవాబు చెప్పింది. పదహారు పేజీలు. పేరు పెట్టొద్దని మావాళ్ళు బతిమాలారు. "దొంగతనం చేశానా?" అని ఇంటిపేరుతో సహా పెట్టింది.

అచ్చయిన నెలకే పట్టుకుపోయారు. విచారణకు నేనూ వెళ్ళాను. న్యాయాధికారి థార్న్‌బరో పుస్తకాన్ని చచ్చిన ఎలకలా రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"ఇది నీకు ఎవరు రాసిచ్చారు?"

"నేనే రాశాను. నువ్వు చదివావా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అతని మొహం కందగడ్డయింది. "నన్నే నువ్వంటావా?"

"ప్రార్థనలో దేవుణ్ణి నువ్వనే అంటావుగా. ఆయనకి రాని కోపం నీకెందుకు?"

పాదిరి అందుకున్నాడు. "అయ్యా, మేజోళ్ళల్లుకునేదానికి ఇంత తర్కం ఎక్కడిది? దీని వెనక ఎవడో మగాడున్నాడు."

"మగాడు రాస్తే జవాబు చెప్పేవాడివా?" అంది జెనెట్. "అయితే మగాడే రాశాడనుకుని చెప్పు."

పాదిరి ఒక్క పేజీ తిప్పలేదు. న్యాయాధికారి బైబిలు ముందుకు తోశాడు. "నేనే రాశానని దీనిమీద ఒట్టెయ్."

మా నేస్తాలెవరూ ఒట్టు వెయ్యరని అతనికి బాగా తెలుసు.

"ఒట్టు పెట్టుకోవద్దని అందులోనే ఉంది. నా అవునుకి లేని విలువ నా ఒట్టుకెక్కడిది?"

ఆ మాటకే జైలు. రాసినదాంట్లో తప్పు చూపించలేక, ఒట్టు వెయ్యలేదని లోపల పడేశారు. పుస్తకాలు సంతలో కుప్పపోసి తగలబెట్టారు.

నీళ్ళూరే నేలమాళిగలో రెండేళ్ళు ఉంచారు. కాగితం, సిరా అందనివ్వలేదు. ఇంతలో పాదిరి ఇంకో పుస్తకం వేశాడు, జవాబు లేక జెనెట్ నోరు మూసుకుందని. నోరు నొక్కినవాడే ఆ మాట రాశాడు.

నేను వారానికోసారి రొట్టె తీసుకెళ్ళేదాన్ని. నాకు అక్షరం ముక్క రాదు. కటకటాల అవతల ఆమె చెబుతుంటే విని, పన్నెండు మైళ్ళూ వల్లించుకుంటూ నడిచొచ్చి, చదువొచ్చిన నేస్తం చేత రాయించేదాన్ని. తొమ్మిది వారాలకు రెండో జవాబు పూర్తయింది. అచ్చూ అయింది.

చివరికి రాజు క్షమించాడని కబురొచ్చింది. జైలరు తలుపు తీశాడు. జెనెట్ కదల్లేదు.

"నేనేం చేశానని క్షమాపణ?"

"తల్లీ, ఆ వాదన బయటికెళ్ళి పెట్టుకో," అన్నాడతను. నేనే చెయ్యి పట్టుకుని లేపాను. వేళ్ళు కొయ్యబారిపోయాయి. సూదులు పట్టుకోలేకపోయింది. బయటికొచ్చాక మూడో చలికాలం దాటలేదు. మా తోటలో ఆపిల్ చెట్ల మధ్య పూడ్చాం.

రెండో జవాబులో తప్పేమిటో పాదిరి ఇప్పటికీ చెప్పలేదు. ప్రతి ఆదివారం మాత్రం వేదికెక్కి సత్యం గురించి మాట్లాడుతూనే ఉన్నాడు.