తోక దగ్గర చెవి

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ మూలమట్టం అనే పిలుస్తారు. మూల సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి వడ్రంగులు వాడే పనిముట్టు పేరది. పంతొమ్మిదేళ్ళుగా అతని పని ఒక్కటే. మడతపడి వచ్చిన పెట్టెను చేతిలోకి తీసుకోవాలి, వంకరుంటే సరిచేయాలి, సరికాకపోతే పక్కకు విసిరేయాలి. కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమినా వెంట్రుకవాసి తేడా చెప్పేస్తాడు. మనిషి బంగారం. తాగుడు లేదు, పేకాట లేదు, ఇంట్లో గొంతు పెంచి మాట్లాడిన రోజు లేదు. అలాంటివాడు కన్నకూతుర్ని చూడ్డానికి కోర్టు అనుమతి తెచ్చుకోవలసి వచ్చిందంటే విన్నవాళ్ళెవరూ నమ్మరు.

వారానికి రెండు గంటలు. శనివారం పదింటి నుంచి పన్నెండు దాకా, కోర్టు వెనక ఓ చిన్న గదిలో. ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, పక్కన కూర్చుని అన్నీ రాసుకునే కౌన్సిలర్ మేడమ్. బొమ్మలూ చాక్లెట్లూ కొనిచ్చి పిల్లను మరిపిస్తాడని తల్లి తరపు వకీలు అడ్డుపడితే, కొన్న వస్తువేదీ లోపలికి తేకూడదని జడ్జిగారు రాసేశారు. మూలమట్టం ఏమాత్రం దిగులుపడలేదు. ఖాళీ డబ్బాలు కొన్నవి కాదు కదా!

మొదటి శనివారం బల్లమీద సంచీ బోర్లించాడు. టీపొడి డబ్బా, సబ్బు పెట్టెలు, సీసా మూతలు, పాత క్యాలెండరు అట్ట, జత తప్పిన మేజోడు, చొక్కాలనుంచి ఊడిన గుండీలు, ఇంట్లో ఉడికించిన మైదా జిగురు. ఆరేళ్ళ పిల్ల కళ్ళు ఇంతింతయ్యాయి. అతను దాన్ని ముద్దుగా పిచ్చుక అంటాడు. ఆ రోజు పిచ్చుక నోటికి తాళమే లేదు. టీపొడి డబ్బాను ఒళ్ళు చేసి, మేజోడును తొండం చేసి, నాలుగు మూతల కాళ్ళమీద ఏనుగును నిలబెట్టింది. ఒక కన్ను ఎర్ర గుండీ, ఇంకోటి నల్లది. ఒక చెవి ఉండాల్సిన చోటే ఉంది. రెండోదాన్ని తీసుకెళ్ళి తోక దగ్గర అంటించింది.

"చెవి అక్కడెందుకే?" అన్నాడు.

"వెనకనుంచి ఎవరన్నా వస్తే దానికి వినపడాలి కదా నాన్నా!"

అతను కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. చెత్త ఇంటికి తేవద్దని తల్లి ముందే చెప్పింది కాబట్టి, ఏనుగును తన గదికే తీసుకెళ్ళాడు. వారమంతా కంటికి రెప్పలా చూసుకుని, కాస్త చక్కబెట్టి, మళ్ళీ శనివారం మెరిసే ముఖంతో పిల్ల ముందు పెట్టాడు.

పిచ్చుక దానికేసి చూసింది. ముట్టుకోలేదు. ఆ రోజు ఇంకొక్క మాట మాట్లాడలేదు.

జ్వరమేమో అనుకున్నాడు. తర్వాతి శనివారమూ అంతే. ఆ పై వారమూ అంతే. పిల్ల గోడకేసి చూస్తూ కాళ్ళూపుతుంది, మేడమ్ రాసుకుంటుంది, గడియారం తన పని తాను చేసుకుపోతుంది. మూలమట్టానికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏదో గొప్ప బొమ్మ చేసుకెళ్తేనే పిల్ల కరుగుతుందని బుర్రలో పడింది. ఇంట్లో డబ్బాలు ఖాళీ అయ్యేదాకా ఆగే ఓపిక లేక అగ్గిపుల్లలు గ్లాసులో పోశాడు, సబ్బులన్నీ విప్పి కిటికీలో పేర్చాడు. చెప్పుల పెట్టెతో చక్రాలు తిరిగే బస్సు చేశాడు. అగ్గిపెట్టెలతో మూడంతస్తుల మేడ కట్టాడు, తలుపులు తీస్తే తెరుచుకుంటాయి, వేస్తే పడతాయి. ఎంత బాగా చేశాడంటే, పిల్ల చేయడానికి అందులో ఏమీ మిగల్లేదు. పాపం, ఆ సంగతి ఆ మహానుభావుడికి తట్టదు కదా.

అయిదో శనివారం పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, మేడమ్ అతన్ని గుమ్మం బయటికి పిలిచింది.

"సోమవారం నేను రిపోర్టు పంపాలండీ. పాపను అడిగాను. ఇంక రానంటోంది."

"రానంటే?"

"ఇష్టం లేని పిల్లను బలవంతంగా తీసుకురారు. ఇక్కడితో ఆపేస్తారు. పెద్దయ్యాక తనంతట తను అడిగితే అప్పుడు చూస్తారు."

పెద్దయ్యాక అంటే ఎన్నేళ్ళు? అప్పటికి తను గుర్తుంటాడా?

"ఎందుకు రానందో చెప్పిందా మేడమ్? నేనేం చేశాను?"

ఆమె కాగితం తిప్పి, పిల్ల మాటను ఉన్నదున్నట్టు చదివింది. "నాన్న నా ఏనుగుని పాడుచేశాడు."

"పాడుచేయడమేంటండీ? నేను దాన్ని బాగుచేశాను!"

అన్న మాట తన చెవిలోనే పడింది. ఏనుగును గదికి తెచ్చిన రాత్రే చెవి పీకి తల పక్కన కొలతపెట్టి అంటించాడు. ఎర్ర గుండీ తీసేసి రెండూ నల్లవే పెట్టాడు. సాగిన మేజోడును కత్తిరించి కుట్టాడు. అంతా ప్రేమతోనే చేశాడు. విడాకుల కేసులో భార్య చెప్పిందీ ఇదే. "కొట్టలేదు, తిట్టలేదు. నేను మడతపెట్టిన బట్టల్ని ఎనిమిదేళ్ళూ మళ్ళీ మడతపెట్టాడు." ఆ రోజు కోర్టులో ఎవరో నవ్వారు. అతనూ నవ్వాడు. ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

లోపలికి వెళ్ళి సంచీలోంచి ఏనుగును తీసి పిల్ల ముందు పెట్టాడు.

"నాదే తప్పు తల్లీ. నీకెలా కావాలంటే అలా చేసుకో."

"నువ్వు మళ్ళీ సరిచేస్తావు."

"చెయ్యనమ్మా. ఒట్టు. ఈ ఒక్కసారికి నమ్ము."

పిచ్చుక చెవి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. అట్ట పొర కూడా లేచొచ్చింది. అతని ప్రాణం విలవిల్లాడింది, నోరు మాత్రం మూసుకునే ఉన్నాడు. పిల్ల చెవికి బోలెడంత జిగురు పూసి, తోక పక్కన, తలకిందులుగా అంటించింది. కింద జిగురు కారుతోంది, అంచు లేచి ఉంది. అది లేచి ఉందని అతను చూశాడంతే. బొటనవేలు తనంతట తానే వెళ్ళి అంచును నొక్కేసింది.

పిల్ల వేలికేసి చూసింది.

"చూశావా," అంది.

అతను రెండు చేతులూ వెనక్కి తీసుకుని, తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చున్నాడు. ఏడుపొస్తోంది. తుడుచుకోవాలంటే చేయి తీయాలి. తీయలేదు. పిచ్చుక ఒకసారి అతని ముఖంలోకి చూసి, మళ్ళీ పనిలో పడింది. చెవి ఊడింది, అంటించింది. మళ్ళీ ఊడింది, మళ్ళీ అంటించింది.

పన్నెండవుతుండగా మేడమ్ పక్కకొచ్చి వంగింది.

"చెప్పమ్మా. వచ్చే శనివారం వస్తావా?"

పిల్ల ఏనుగుకేసి చూసింది, కుర్చీ మీద నాన్న చేతులు దాక్కున్న చోటుకేసి చూసింది.

"ఇది ఇక్కడే ఉంటే వస్తా. మీ బీరువాలో పెట్టండి."

"అలాగే పెడతాను."

"తాళం వెయ్యండి. తాళంచెవి నాన్నకి ఇవ్వకూడదు."

మేడమ్ అతనివైపు చూసింది.

"ఇవ్వద్దు మేడమ్," అన్నాడు మూలమట్టం. "నేనడిగినా ఇవ్వద్దు."