అడగకుండా మార్చిన పాస్‌వర్డ్

ఏసీ గది తలుపు తీయగానే ముక్కుకు తగిలే వాసన, కొంచెం దుమ్ము, కొంచెం వేడెక్కిన వైరు, నన్ను ఇప్పటికీ హన్మకొండకు లాక్కుపోతుంది. ఎనభైల చివర్లో అక్కడొక కాలేజీ కంప్యూటర్ సెంటర్లో నా మొదటి ఉద్యోగం. ఊరంతా ఎండకు మాడుతుంటే మా గది ఒక్కటే చల్లగా ఉండేది. మట్టెవాడలో బట్టల దుకాణం నడిపే మా నాన్న "మా బిడ్డ మిషన్లకు ఇసనకర్రతోని విసురుతాంది" అని గిరాకీలను నవ్వించేవాడు.

సెంటర్‌కు పెద్ద రాజమౌళి సార్. ఒకే మిషన్‌ను అందరూ వాడుకునేవాళ్లు; ఎవరి ఫైళ్లు వాళ్లవి, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లది. ఎవరైనా మరచిపోతే మార్చే అధికారం సార్‌కు, ఆయన తర్వాత నాకు ఉండేది. మనిషి ఎదురుగా ఉంటేనే సార్ మార్చేవారు. వాళ్లు కొత్తది కొట్టుకుంటుంటే కుర్చీ గోడ వైపు తిప్పుకునేవారు. తెర మీద అక్షరాలు కనపడవు కదా సార్ అంటే, "వేళ్లు కనవడ్తయి కద బిడ్డా" అనేవారు. ఉత్త చాదస్తం అనుకునేదాన్ని.

సార్ సెలవులో ఉన్న రోజు ఒక ప్రొఫెసర్ ఫోన్ చేశాడు. తన దగ్గర రీసెర్చ్ చేసే స్వరూప పాస్‌వర్డ్ మార్చి, కొత్తది తనకు చెప్పమన్నాడు. పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చే ఆ పిల్ల రెండేళ్ల కష్టమంతా ఆ ఫైళ్లలోనే ఉంది. అయినా పెద్దాయన గొంతు వినగానే నేను ఆలోచించలేదు, మార్చి చెప్పేశాను.

మర్నాడు స్వరూప మూడుసార్లు కొట్టి చూసి నా దగ్గరికొచ్చింది. "అక్కా, లోపలికి రానిస్తలేదు. నేనే మర్శిపోయిన్నా?" అంది. తన మతిమరుపును తానే తిట్టుకుంటూ ఆమె తల కొట్టుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మధ్యాహ్నం సార్ వచ్చి, ఎవరి పాస్‌వర్డ్ ఎప్పుడు ఎవరు మార్చారో మిషన్ అచ్చువేసిన చిట్టా చూసి నన్ను పిలిచారు.

"ఎవలు చెప్తె మార్చినవ్?"

"ప్రొఫెసర్ గారు ఫోన్ జేసిన్రు సార్."

"ఆ పిల్లనడిగినవా?"

లేదన్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"మనకిచ్చింది మార్చే హక్కు బిడ్డా. ఆమెకు తెల్వకుంట మార్చే హక్కు ఎవ్వలియ్యలె. పో, నువ్వే చెప్పు."

వెళ్లి చెప్పాను. స్వరూప అరవలేదు. "మా సార్ నా పేరు లేకుంట పేపర్ పంపుతాండని ఇన్న" అని మెల్లగా అంది. రాజమౌళి సార్ ఆ చిట్టా కాగితం మీద, ప్రొఫెసర్ ఫోన్ చేస్తే ఆమెకు తెలియకుండా మార్చామని రాసి, సంతకం పెట్టి ఆమె చేతికిచ్చారు. అది చూపించే ఆమె తన పని తనదని నిలబెట్టుకుంది. కాలేజీ వాళ్లు జరిపిన విచారణలో సార్, "నేర్పకుండా అధికారం ఇచ్చాను, తప్పు నాది" అని రాసిచ్చారు. నా ఉద్యోగం నిలిచింది, ఆయనకు రావలసిన ప్రమోషన్ ఆగింది. ఆ మాట నాతో ఒక్కసారీ ఎత్తలేదు.

ఇప్పుడు నేను పనిచేసే చోట పాస్‌వర్డ్‌లు మార్చేది మనిషి కాదు. నెట్ ద్వారా ఒక ప్రోగ్రాం అడిగితే ఇంకో ప్రోగ్రాం మార్చేస్తుంది. దానికి ఆ అనుమతి ఇచ్చే సంతకం నాది. పోయిన నెల, మార్చిన ప్రతిసారీ ఆ మనిషికి వెంటనే కబురు వెళ్తేనే సంతకం పెడతానని మొండికేశాను. నా కింద పనిచేసే పిల్లలు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. ఆ కబురులో ఏం రాయాలి మేడం అని అడిగితే, మొదటి వాక్యం నేనే చెప్పాను: "మీరు మరచిపోలేదు, మేమే మార్చాం."